చేపపిల్లలకు డబ్బుంది, చేపల్ని చదివే పిల్లలకే లేదు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మత్స్యశాఖ మంత్రులకు బహిరంగ లేఖ



కృష్ణా, గోదావరీ మీ ఇద్దరివీ కనుక ఇద్దరికీ ఒకే ఉత్తరం రాస్తున్నాను. ఆ నీళ్ల వాటాల మీద మీ ప్రభుత్వాలు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నాయి. వరదల కాలంలో ఏ జలాశయంలో ఎన్ని టీఎంసీలున్నాయో రోజూ పొద్దున్నే పత్రికల్లో అచ్చవుతుంది. అవే నీళ్లలో ఏ చేప ఎంత ఉంది, నిరుటికన్నా పెరిగిందా తరిగిందా అని అడిగితే మాత్రం గట్టిగా చెప్పేవాళ్లు దొరకరు. అలా చెప్పగలవాళ్లను తయారుచేయమని అడగడానికే ఈ లేఖ. నదుల్లో, ఊరి చెరువుల్లో, జలాశయాల్లో ఎవరూ మేత వేయకుండా బతికే చేపల మీద పీహెచ్‌డీ చేసే పిల్లలకు మీ శాఖల సొమ్ములోంచి ఫెలోషిప్‌లు ఇవ్వండి.

చేపల చదువుకు మనకేం కొదవ అని మీ అధికారులు అనొచ్చు. ముత్తుకూరులో 1991 నుంచీ ఫిషరీస్ కళాశాల ఉంది. పెబ్బేరులో 2017 నుంచీ ఉంది. ముంబయిలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థకు కాకినాడలో కేంద్రం ఉంది, భువనేశ్వర్ మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థకు విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది. నర్సాపురంలో మత్స్య విశ్వవిద్యాలయానికి 2022లో శంకుస్థాపన జరిగింది. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు హైదరాబాద్‌లోనే, చేప ఆకారంలో కట్టిన భవనంలోంచి పనిచేస్తోంది. ఫ్లైఓవర్ మీద వెళ్లేవాళ్లు పిల్లలకు చూపిస్తుంటారు. సంస్థలకు లోటు లేదు. వాటిలో జరిగే పనిలో ఎక్కువ పాలు మాత్రం పెంపకానిది. ఏ మేత వేస్తే ఎంత బరువొస్తుంది, రొయ్యకు తెల్లమచ్చ ఎందుకొస్తుంది, మందేమిటి, విత్తనమేది అన్నదే అక్కడి ప్రశ్న.

ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. దేశంలో చేపల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. దేశం మొత్తంలో పావు వంతుకు పైగా ఇక్కడి నుంచే వస్తోందంటే ఆ ఘనత చెరువు గట్ల మీద నిద్ర మానుకున్న రైతులదీ, వాళ్ల వెనక నిలిచిన శాస్త్రవేత్తలదీ. కానీ ఆ అంకెలోనే ఒక మాయ ఉంది. చెరువుల్లో పెంచిన చేపా, నదిలో పట్టిన చేపా కలిసి ఒకే మొత్తంగా బయటికొస్తే, నది ఎండిపోయినా మొత్తం పెరుగుతూనే ఉంటుంది. ఇరవై రకాల చేపలు మాయమై వాటి చోట రెండు రకాలు టన్నుల్లో దిగినా ఆ పట్టికలో అభివృద్ధిలాగే కనబడుతుంది. సముద్రం సంగతి వేరు. కొచ్చిలోని సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తీరం పొడవునా నమూనా సర్వేలు పెట్టి, ఏ రేవులో ఏ జాతి ఎంత దిగిందో దశాబ్దాలుగా లెక్క కడుతోంది. నది ఒడ్డున అలా ఎవరున్నారు? జాలరి పుట్టి దిగగానే గట్టు మీదే చేప అమ్ముడైపోతుంది.

జంతుశాస్త్రం పాఠాలు చెబుతూ ఉద్యోగం పూర్తి చేసినవాణ్ణి. ఎంఎస్సీ అయిపోయిన పిల్లలు అప్పుడూ ఇప్పుడూ ఒకే ప్రశ్నతో వస్తారు: “సార్, ఏ టాపిక్ తీసుకుంటే పీహెచ్‌డీ తొందరగా అవుతుంది?” వాళ్లను తప్పుపట్టను. తొందరగా అయ్యే టాపిక్ అంటే ప్రయోగశాలలో తొట్టెల్లో అయ్యేది. నది టాపిక్ తీసుకుంటే వరద కోసం ఏడాది ఆగాలి, వరద రాకపోతే ఇంకో ఏడాది ఆగాలి. ఆ ఆగడానికి ఎవరు డబ్బిస్తారు? సరిగ్గా ఆ ప్రశ్నకే మీరు జవాబు కావాలి.

ఇక్కడ పులస మాట ఎత్తక తప్పదు. దాని మీద సామెత మీకూ వచ్చు, అంచేత రాయను. వర్షాకాలంలో ఎర్రనీరు తగలగానే సముద్రం వదిలి గోదావరిలోకి ఎదురీది, నదిలో గుడ్లు పెట్టి వెనక్కి పోయే చేప అది. అంతర్వేది, యానాం వైపు నుంచి ఎక్కి ధవళేశ్వరం దగ్గర చాలావరకు ఆగిపోతుంది. అక్కడ 1852 నాటికి కాటన్ ఆనకట్ట పూర్తయింది, తర్వాత బ్యారేజీ వచ్చింది. ఆనకట్టలు చేపల దారికి అడ్డమని మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1873లోనే ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో మొత్తుకున్నాడు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనూ, 1960ల్లోనూ గోదావరి పులస మీద మన శాస్త్రవేత్తలు పొడవులూ బరువులూ గుడ్ల లెక్కలూ కొలిచి మంచి వ్యాసాలు రాశారు. ఆ తర్వాత చేప తగ్గుతూ వచ్చింది, ధర పెరుగుతూ వచ్చింది. యానాంలో ఒక్క చేప ఇరవై వేలు దాటి పలికితే అది వార్త. ఒడిశా నుంచి ఐసు పెట్టెల్లో వచ్చింది కూడా పులస పేరుతోనే అమ్ముడవుతోందని తినేవాళ్లకూ తెలుసు. వేలంపాట ఫొటోలు తప్ప, ఈ ఏడు నదిలోకి ఎన్ని ఎక్కాయి, ఎక్కడ గుడ్లు పెట్టాయి, పిల్లలు ఏ నెలలో సముద్రానికి దిగాయి అన్న లెక్క ఏటా వరుసగా మనకు లేదు.

అయిదేళ్లు ఒక కుర్రాడో అమ్మాయో ఈ చేప వెంట పడితే ఏం తెలుస్తుందో చూడండి. చేప తలలో, లోపలి చెవిలో, సున్నపు రాళ్లు ఉంటాయి. చెట్టు మానులో వలయాల్లాగే వాటిలోనూ పొరలుంటాయి. సముద్రపు నీళ్లలో స్ట్రాన్షియం ఎక్కువ, నది నీళ్లలో తక్కువ. అలాంటి రాయిని కోసి, పొరపొరకూ స్ట్రాన్షియం కొలిస్తే ఆ చేప ఎన్నాళ్లు నదిలో ఉందో, ఎప్పుడు సముద్రానికి వెళ్లిందో దాని జీవిత చరిత్ర బయటపడుతుంది. అసలు సముద్రం మొహమే చూడకుండా నదిలోనే ఉండిపోయేవి ఉన్నాయా అన్నదీ తేలుతుంది. జన్యు పరీక్ష చేస్తే గోదావరి చేపా, మహానది చేపా, గంగ చేపా ఒకే మందా, వేరువేరా అన్నదానికి ఆధారం దొరుకుతుంది. పైకి వెళ్లాయో లేదో తెలుసుకోవడానికి ఇప్పుడు వలే వేయనక్కర్లేదు. సీసాడు నీళ్లు వడగట్టి అందులో మిగిలిన డీఎన్‌ఏ చూసినా ఆచూకీ దొరుకుతుంది.

బంగ్లాదేశ్ ఈ చేప విషయంలో ఏం చేసిందో మీరు తెలుసుకోవాలి. అక్కడ ఇలీష్ అని పిలిచే ఈ చేప గుడ్లు ఎప్పుడు, ఎక్కడ పెడుతుందో పరిశోధకులు ముందు తేల్చారు. ఆశ్వయుజ పౌర్ణమి చుట్టూ గుడ్ల కాలం ఉంటుందని గుర్తించి, అక్టోబరులో 22 రోజులు వేట ఆపారు. చిన్నచేపల్ని పట్టకుండా నిషేధం పెట్టారు, నదుల్లో రక్షిత ప్రాంతాలు గుర్తించారు, ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు బియ్యం ఇచ్చారు. 2002-03లో సుమారు 2 లక్షల టన్నులున్న దిగుబడి 2017-18 నాటికి 5 లక్షలు దాటింది. మనం గోదావరిలో అదే చేయాలంటే ఏ పౌర్ణమికి ఆపాలి? ఏ రేవు నుంచి ఏ రేవు దాకా ఆపాలి? లెక్క లేకుండా నిషేధం పెడితే జాలరి కడుపు మాడుతుంది, చేపకూ లాభం ఉండదు.

పోలవరం మాట అందుకే తొందరది. స్పిల్‌వేలో చేపలు ఎక్కడానికి మెట్లదారి కట్టారు. సంతోషం. అలాంటి దారులు ఎక్కువగా సాల్మన్ లాంటి ఎగిరి దూకే చేపల కోసం పుట్టినవి, పులస దూకే రకం కాదు. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక, అంతకుముందు ప్రయాగ దాకా వెళ్లిన ఇలీష్ ఫరక్కా దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు బారక్‌పూర్‌లోని లోతట్టు మత్స్య పరిశోధన సంస్థవాళ్లు పట్టిన చేపల్ని మనుషుల చేత బ్యారేజీ పైకి మోయించి వదులుతున్నారు. మన మెట్లదారి పనిచేస్తుందా లేదా అన్నది ఎవరో కూర్చుని లెక్కపెడితే కదా తెలిసేది. పైగా పోలవరాన్ని ఇంకా పూర్తిమట్టం 45.72 మీటర్ల దాకా నింపలేదు. నింపాక పాపికొండల మధ్య నది జలాశయమైపోతుంది. పారే నీళ్లలో బతికే చేపలు తగ్గి, నిలవ నీళ్లకు అలవాటుపడేవి పెరుగుతాయి. ఎంత మారిందో చెప్పాలంటే మారకముందు ఎలా ఉందో రాసిపెట్టుకోవాలి. ఆ రాసుకునే గడువు మిగిలింది కొద్ది ఏళ్లే. తర్వాత వెయ్యి కోట్లు ఇచ్చినా ఆ ‘ముందు’ తిరిగి రాదు.

తెలంగాణ మంత్రిగారూ, మీ దగ్గరా ఇలాంటి అవకాశం ఒకటి చేజారింది. 2023 అక్టోబరులో గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాక అందులోని నీళ్లు వదిలేశారు. నాలుగేళ్లు కట్టేసి ఉన్న నది మళ్లీ పారింది. ఇంజినీర్లు వచ్చారు, విచారణ సంఘాలు వచ్చాయి, నాయకులు బస్సుల్లో వచ్చారు. ఆ నెలల్లో అక్కడి చేపలు ఏమయ్యాయో కొలిచిన థీసిస్ మాత్రం ఇంతవరకూ నా కంటపడలేదు.

చెరువుల దగ్గరికి వద్దాం. 2016-17 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లల్ని చెరువుల్లో వదులుతోంది. వానాకాలం చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్లుండే వాటికీ జలాశయాలకూ 80-100 మిల్లీమీటర్ల పిల్లలు. ఏటా కోట్ల పిల్లలు, పదుల కోట్ల రూపాయలు. వాటిలో చాలావరకు కైకలూరు వైపు నుంచి లారీల్లో వస్తాయి. పథకం మంచిదే. గంగపుత్రులకూ ముదిరాజులకూ పట్టుకోవడానికి నాలుగు చేపలొచ్చాయి. దీని మీద వచ్చే గొడవంతా ఎన్ని వదిలారు, టెండర్ ఎవరికి దక్కింది అన్నదే. అంతకన్నా పెద్ద ప్రశ్న, వదిలినవాటిలో ఎన్ని బతికాయన్నది. రెండంగుళాలు లేని పిల్లను వాలుగ ఉన్న చెరువులో వదిలితే వాలుగకు మేతవుతుంది. టెండర్లు తేలక కొన్నేళ్లు పంపిణీ దసరా దాకా పోయింది. మార్చికి అడుగంటే కుంటలో అక్టోబరులో వదిలిన పిల్ల ఎంత ఎదుగుతుంది?

దీనికన్నా నన్ను ఎక్కువ తొలిచేది చెరువులో ముందునుంచీ ఉన్న చేపల సంగతి. మత్తడి దూకినప్పుడు ఎదురెక్కే పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయిలు, తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. ప్రభుత్వం వదిలేవాటిలో బొచ్చె నీటి పైభాగంలో మేస్తుంది, రోహు మధ్యలో, మోసు అడుగున. బంగారు తీగ అడుగు బురద కెలికి మేస్తుంది, ఆ కెలుకుడుకు నీళ్లు మసకబారతాయి, నాచు మొక్కలు లేస్తాయి. వీటిని ఏటా దింపితే పరిగెలకు మిగిలేదెంత? ముళ్లతో సహా నమిలి తినే చిన్నచేపల్లో కాల్షియం, కొన్ని రకాల్లో విటమిన్ ఏ దండిగా ఉంటాయని బంగ్లాదేశ్‌లో పరిశోధనలు తేల్చాయి. వాటిని సంతలో కొనేది డబ్బున్నవాళ్లు కాదు. అంగన్‌వాడీల్లో పౌష్టికాహారం గురించి ఒక శాఖ తలపట్టుకుంటుంటే, ఊరి చెరువులో ఉన్న పౌష్టికాహారం పెరుగుతోందో తరుగుతోందో ఇంకో శాఖకు తెలియదు. మిషన్ కాకతీయలో నలభై ఆరు వేల పైచిలుకు చెరువుల్ని లెక్కకు తెచ్చారు. ఒకే మండలంలో విత్తనం వదిలిన పది చెరువులు, వదలని పది చెరువులు ఎంచుకుని నాలుగేళ్లు వల వేసి కొలిస్తే ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయమైనా గౌరవించే థీసిస్ అవుతుంది. అంత పెద్ద ప్రయోగం ప్రభుత్వమే తన ఖర్చుతో చేసిపెట్టింది. ఫలితం రాసుకునేవాళ్లే లేరు.

కొల్లేరు గురించి పుస్తకమంత రాయొచ్చు, ఇక్కడ వద్దు. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు, తర్వాత గట్లు మళ్లీ లేచాయి. మూడో కాంటూరా అయిదో కాంటూరా అని ఇప్పటికీ తెగని వాదన. పక్షుల వైపు మాట్లాడేవాళ్లున్నారు, రైతుల వైపు మాట్లాడేవాళ్లున్నారు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లకూ ఉప్పుటేరు నుంచి ఎగదన్నే ఉప్పునీళ్లకూ మధ్య సరస్సులోని సొంత చేపలు ఎలా బతుకుతున్నాయో కొలిచి చెప్పేవాళ్లు ఉంటే ఆ వాదన కాస్త దారిన పడేది. చెరువుల్లోంచి తప్పించుకుని కాలవల్లో పడి వలలు చించుతున్న సక్కర్ చేప సంగతీ అంతే. అక్వేరియం కోసం దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ చేప కృష్ణా డెల్టాలో ఎంత దూరం పాకిందో పటం గీయడం ఒక్కటే ఒకరి పీహెచ్‌డీకి సరిపోతుంది.

ఇక డబ్బు. కేంద్రం ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000. రెండేళ్ల తర్వాత 42,000. ఇంటి అద్దె భత్యం పక్కన పెడితే అయిదేళ్లకు ఒక్కరికి సుమారు 24 లక్షలు. ఇరవై మందికి అయిదేళ్లకు 4 కోట్ల 80 లక్షలు. పడవ అద్దె, వలలు, ప్రయోగశాల ఖర్చు, జాలరి కూలి కలిపి ఇంకో అంత వేసుకున్నా పది కోట్లు దాటదు, అదీ అయిదేళ్లకు, రెండు రాష్ట్రాలూ పంచుకుంటే. ఒక్క ఏడాది చేపపిల్లల పద్దులో ఇది ఏ మూలకు? నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న పిల్లలకు ఫెలోషిప్ ఎలాగూ ఉంటుంది, తెచ్చుకోలేనివాళ్ల పాట్లే చూడలేం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో వాళ్లకు నెలకు 8,000, అదీ 2012 నాటి రేటు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల అదీ లేదు. ఆ పిల్లలు పొద్దున ప్రైవేటు కాలేజీలో పాఠం చెప్పి, ఆదివారం నదికి వెళ్తారు. చేపలు ఆదివారం చూసుకుని ఎదురెక్కవు కదా.

డబ్బు ఇచ్చే పద్ధతి కూడా మార్చాలి. సర్కారు ఏడాది మార్చి 31న ముగుస్తుంది. చేపల ఏడాది మృగశిరతో మొదలవుతుంది. జూన్‌లో వల కొనాల్సినవాడికి ఆగస్టులో మంజూరు పత్రం, నవంబరులో డబ్బు, ఫిబ్రవరిలో వినియోగ ధ్రువపత్రం ఇమ్మని తాఖీదు. ఈ లోగా వరద వచ్చి పోయింది. అయిదేళ్ల సొమ్ము విశ్వవిద్యాలయం ఖాతాలో ఒకేసారి వేసి, ఏటా లెక్క అడగండి.

యూరప్, అమెరికా విశ్వవిద్యాలయాలు ఈ రంగంలో పీహెచ్‌డీ ప్రకటనలు ఇచ్చే తీరు గమనించండి. ఫలానా నది, ఫలానా చేప, ఫలానా ప్రశ్న, ఇన్నేళ్లు, ఇంత జీతం, పడవ మేమిస్తాం అని ముందే రాస్తారు. నార్వేలో పీహెచ్‌డీ విద్యార్థి ఉద్యోగితో సమానం. మన దగ్గర ముందు పరీక్ష, తర్వాత సీటు, తర్వాత గైడు, చివరికి ఆ గైడు ప్రయోగశాలలో ఏముంటే అదే టాపిక్. నీళ్లకు అవసరమైన ప్రశ్న ఎవరి వంతుకూ రాదు. మీరిచ్చే ఫెలోషిప్‌ను మనిషికి కాకుండా నీళ్లకు కట్టండి. పోలవరం పులస ఫెలోషిప్, సాగర్ జలాశయం ఫెలోషిప్, కొల్లేరు ఫెలోషిప్, సిద్దిపేట చెరువుల ఫెలోషిప్ అని పేరు పెట్టి పిలవండి. ఒకరు పట్టా పుచ్చుకుని వెళ్లాక ఇంకొకరు అదే చోట, అవే వలకళ్లతో కొలత కొనసాగించాలి. ఇరవై ఏళ్ల వరస కొలతలున్న నది దేశంలోనే అరుదు.

అర్హతల గోడ కూడా కాస్త దించాలి. ఫిషరీస్ డిగ్రీ చదివినవాళ్లకు ఒక తోవ, జంతుశాస్త్రం చదివినవాళ్లకు ఒక తోవ. ఇద్దరూ ఒకరి ల్యాబులో ఒకరు అడుగుపెట్టరు. ఈ పనికి ఇద్దరూ కావాలి, గణాంకాలు తెలిసినవాళ్లూ కావాలి. అన్నిటికన్నా ముందు జాలరి ఇళ్లలోంచి వచ్చి డిగ్రీ చదివిన పిల్లలు కావాలి. ఏ మడుగులో వాలుగ ఉంటుందో, ఏ గాలికి జెల్ల పడుతుందో వాళ్లకు ఇంట్లో నేర్పారు. సగం ఫెలోషిప్‌లు వాళ్లకని రాయండి. వలవేసి కొలతలు ఇచ్చే మత్స్య సహకార సంఘాల సభ్యులకు రోజు కూలి ఇవ్వండి, థీసిస్‌లో వాళ్ల పేర్లు ఉండాలని షరతు పెట్టండి.

ఇంకొకటి. పూర్తయిన థీసిస్ ఇంగ్లీషులో బీరువాలోకి పోతుంది. ప్రతి పరిశోధకుడూ తను తేల్చినదాన్ని నాలుగు పేజీల తెలుగులో రాసి, ఆ ఊరి సంఘం ముందు చదివి వినిపించాకే ఆఖరి వాయిదా విడుదల చేయండి. లెక్కలన్నీ అందరికీ అందుబాటులో పెట్టండి, మీకు నచ్చనివి కూడా. మీ పథకం పనిచేయలేదని తేల్చిన పిల్లకు ఫెలోషిప్ ఆగదన్న హామీ ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇది రాజకీయంగా కష్టమని తెలుసు, అయినా అడుగుతున్నాను.

చదివాక ఉద్యోగమేదని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ప్రతి పెద్ద జలాశయానికీ ఒక జీవావరణ నిపుణుడి పోస్టు మీ శాఖలోనే సృష్టించవచ్చు. ఆనకట్టకు ఇంజినీరు ఉన్నప్పుడు అందులోని ప్రాణులకు ఒకరుంటే ఎవరూ కాదనరు.

ప్రపంచమంతా కలిపి చూస్తే వలసపోయే మంచినీటి చేపల సంఖ్యలు 1970 నుంచి 2020 లోపు సగటున 81 శాతం పడిపోయాయని 2024లో వచ్చిన అంతర్జాతీయ నివేదిక చెప్పింది. అందులో గోదావరి వాటా ఎంతో చెప్పడానికి మన దగ్గర కాగితం ఉండాలి.

ఈ ఉత్తరం అందాక సంఘాలు వేయొద్దు. ఇద్దరూ ఒక పూట కూర్చుని, మొదటి విడతగా పది ఫెలోషిప్‌ల ప్రకటన వచ్చే మృగశిర కార్తె లోపల ఇవ్వండి. నది పేరు, చేప పేరు, నెలకు ఎంత ఇస్తారో ఆ ప్రకటనలోనే స్పష్టంగా రాయండి. దరఖాస్తు చేసే పిల్లల్ని వెతికే పని మాలాంటి అధ్యాపకులం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు